ఊడిన గోరును తిరిగి అమర్చాలా?

తలుపు సందులో వేలు నలిగి గుక్కపట్టి ఏడ్చిన పిల్లవాడు లేని ఇల్లు అరుదు. ఆ పిల్లవాణ్ణి ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన తల్లి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "గోరు మళ్ళీ వస్తుందా డాక్టరుగారూ?" ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పినవాణ్ణి. ఆ సమాధానం కాలక్రమంలో ఎలా మారుతూ వచ్చిందో మీకు తెలియజేయాలని ఈ వ్యాసం.

గోటి గాయాన్ని మన ప్రాచీనులు గమనించకపోలేదు. సుశ్రుతసంహితలో క్షుద్రరోగాల వరుసలో 'కునఖము' కనిపిస్తుంది. దెబ్బ తగిలి నల్లబడి, పొడిబారి, గరుకెక్కిన గోరు అది. పరిశీలన కచ్చితమైనదే. అయితే గోరు కింద చినిగిన పొరను ఓపికగా కుట్టాలంటే నొప్పి తెలియని స్థితి కావాలి. 1884లో కార్ల్ కోలర్ కంటి శస్త్రచికిత్సలో కొకైన్‌ను వాడి స్థానిక మత్తుకు దారి చూపాడు. వేలి మొదట్లో మత్తు సూది వేసే పద్ధతి ఆ తరువాత వచ్చినదే.

ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. మనకు కనిపించే గోరు నిర్జీవమైన కవచం మాత్రమే. జీవమంతా దాని కిందనున్న గులాబీరంగు పొరలోనూ, చర్మపు మడత కింద దాగిన గోటి మూలంలోనూ ఉంది. ఆ పొర ఎముకను అంటిపెట్టుకొని ఉండటంవల్ల గోరు చితికినప్పుడు తరచుగా వేలికొన ఎముక కూడా విరుగుతుంది. మూలం చినిగి అంచులు కలవకుండా మానితే మచ్చ మిగులుతుంది. మచ్చ నుండి గోరు పుట్టదు. చీలిన గోరే జీవితాంతం పెరుగుతుంది.

అందుకే ఇరవయ్యవ శతాబ్దంలో ఒక నియమం స్థిరపడింది. గోరును తీసి, చినిగిన పొరను కరిగిపోయే సన్నని దారంతో కుట్టి, శుభ్రం చేసిన గోరును మళ్ళీ మడత కింద దూర్చాలి. అది పొరకు అచ్చుగా, మడత అతుక్కుపోకుండా అడ్డుగా ఉంటుందని భావన. అమెరికన్ శస్త్రవైద్యుడు ఎల్విన్ జూక్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ప్రసిద్ధమైనది. మేమూ ఆ నియమాన్నే పాటించాము. ఊడిన గోరు దొరకకపోతే కుట్టుదారం పొట్లంలోని అల్యూమినియం రేకును గోరు ఆకారంలో కత్తిరించి పెట్టేవాళ్ళం.

గోరు ఊడకుండా, కింద రక్తం గడ్డకట్టినప్పటి సంగతి వేరు. సగానికి మించి నల్లబడితే కింద పొర చినిగి ఉండే అవకాశం ఎక్కువని 1987లో సైమన్, వోల్గిన్ చూపారు. దానితో గోరు ఊడదీసి చూడటం ఆచారమైంది. 1999లో రోజర్, గెల్మన్ పిల్లలలో పోల్చి చూశారు. గోరూ, దాని అంచులూ చెక్కుచెదరకుండా ఉంటే చిన్న రంధ్రం చేసి రక్తాన్ని వదిలించినా ఫలితం ఒకటేనని తేలింది. ఆ మధ్యకాలంలో నేను ఊడదీసిన గోళ్ళలో చాలావరకు అక్కరలేనివేనని ఇప్పుడు అనిపిస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడామన్నమాట!

కుట్లకు బదులు వైద్యపు జిగురు వాడవచ్చని 2008లో స్ట్రాస్ బృందం చూపింది. కుట్టడానికి సగటున 27.8 నిమిషాలు పడితే, జిగురుకు 9.5 నిమిషాలు చాలాయి.

ఇక అసలు నియమానికే పరీక్ష బ్రిటన్‌లో జరిగింది. 'నింజా' అనే ఆ పరిశోధనలో 20 ఆసుపత్రులకు చెందిన 451 మంది పిల్లలు పాల్గొన్నారు. కొందరికి గోరును తిరిగి అమర్చారు, కొందరికి పారవేశారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. చీము పట్టడంలో గానీ, నాలుగు నెలల తరువాత గోటి రూపంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అమర్చడానికి ఖర్చు మాత్రం ఎక్కువైంది. మేము అంత శ్రద్ధగా కత్తిరించిన రేకులు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

దీనిని చదివి, వైద్యమే అవసరం లేదని పొరబడకండి. ఆ పిల్లలందరికీ చినిగిన పొరను సరిచేసిన తరువాతే ఈ పోలిక జరిగింది. ముఖ్యంగా గోటి మొదలు మడత లోంచి బయటికి వచ్చి చర్మంపై కూర్చున్నట్లు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. 1966లో సీమర్ వర్ణించిన ఎముక విరుపు అందులో దాగి ఉండవచ్చు. ఎక్స్‌రే తీయకుండా కట్టు కట్టి పంపితే ఎముకకు చీము పట్టి, వేలి ఎదుగుదల ఆగే ప్రమాదముంది. ధనుర్వాతం టీకా సంగతీ అప్పుడే చూసుకోవాలి.

ఆ తల్లి ప్రశ్నకు వస్తే, మూలం బాగుంటే గోరు వస్తుంది, కానీ తొందరపడదు. అమెరికన్ వైద్యుడు విలియం బీన్ తన బొటనవేలి గోరు పెరుగుదలను 35 ఏళ్ళపాటు కొలిచాడు. 32వ ఏట రోజుకు 0.123 మిల్లీమీటర్లు ఉన్నది 67వ ఏటికి 0.095కు తగ్గింది. పిల్లలలో కాస్త వేగం ఎక్కువే. అయినా వేలికొన దాకా రావడానికి నెలలు పడుతుంది. మొదట వచ్చే గోరు గట్లుగట్లుగా ఉన్నా కంగారుపడకుండా, ఆరు నెలల తరువాత ఒకసారి వైద్యుడికి చూపించండి.