తలగాయం లెక్కలోకి వచ్చిన కథ

తలకు తగిలే దెబ్బల గురించి మనకు దొరికిన అతి పాత రాతల్లో ఒకటి ఈజిప్టుది. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో 48 కేసులుంటే, వాటిలో 27 తలగాయాలే. వైద్యుడు గాయాన్ని వేలితో తడిమి మూడు మాటల్లో ఒకటి చెప్పేవాడు: నయం చేస్తాను, పోరాడి చూస్తాను, చేయగలిగిందేమీ లేదు.

పుర్రె పగిలిందా లేదా అన్నదే చాలాకాలం ప్రధాన ప్రశ్నగా ఉండేది. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా శస్త్రవైద్యుల దృష్టి ఎముక కిందికి మళ్లింది. ఎందుకంటే కొన్నిసార్లు దెబ్బ తిన్న మనిషి లేచి, బట్టలు దులుపుకుని, మామూలుగా మాట్లాడి ఇంటికెళ్తాడు. తలనొప్పిగా ఉందని పడుకుంటాడు. తెల్లారేసరికి లేవడు. కణత దగ్గర ఎముక పలచన. అది చిట్లి లోపలి ధమని తెగితే, నెత్తురు మెల్లగా పేరుకుని మెదడును నొక్కేస్తుంది. ‘దెబ్బ తగిలాక నడిచి వెళ్లాడు కదా’ అనే వాదనకు పోస్టుమార్టం బల్ల మీద ఆ నెత్తుటి గడ్డే జవాబు చెబుతుంది.

ఒక్కొక్క శవం చెప్పే సాక్ష్యం సమాజానికి పాఠం కావాలంటే, ఆ సాక్ష్యాలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టిన ఒక వైద్యుడి కథ ఇది. 1935 మే నెలలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరొందిన టి.ఇ. లారెన్స్ సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి మోటారుసైకిల్ మీంచి పడ్డాడు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ ఒకరు. 1941లో కెయిర్న్స్ లెక్కలు బయటపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం మొదటి 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటారుసైకిల్ ప్రయాణికులు చనిపోయారు. హెల్మెట్ పెట్టుకుని గాయపడినవారు ఆయనకు ఏడుగురే కనిపించారు. ఏడుగురూ బతికారు. ఆ ఏడాది నవంబరులోనే సైన్యం తన మోటారుసైకిల్ వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో మోటారుసైకిల్ నడిపే పౌరులందరికీ హెల్మెట్ చట్టం 1973లో గానీ రాలేదు.

ఈలోగా శాస్త్రం ముందుకు సాగింది. 1943లో హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త జెలటిన్ నమూనాలతో, తల గిర్రున తిరిగితే మెదడు లోపల ఎలా మెలిపడుతుందో చూపాడు. పుర్రె పగలకపోయినా నరాల తంతువులు తెగిపోతాయని 1956లో సబీనా స్ట్రిచ్ మరణానంతర పరీక్షల్లో కనుగొంది. 1974లో గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ స్పృహను కొలిచే స్కేలు ఇచ్చారు. దాంతో ఏ ఊరి డాక్టరైనా మరో ఊరి డాక్టరుకు అర్థమయ్యేలా రోగి పరిస్థితిని చెప్పగలిగాడు.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమంది. అయినా 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వాళ్లలో 14 వేల మందికి పైగా వెనక సీట్లో కూర్చున్నవాళ్లే. మన వీధుల్లో హెల్మెట్ ఇంకా అద్దానికో, మోచేతికో వేలాడుతూనే ఉంది. పోస్టుమార్టం నివేదికలో రాసే ‘తలకు బలమైన గాయం’ అన్న మాట కేసు మూసేశాక ఫైల్లోనే ఉండిపోకూడదు. ఏ మలుపులో, ఏ వేళకు, ఎందరు పడ్డారో ఆ కాగితాలన్నీ కలిపి చదివితేనే తర్వాతి ప్రాణం నిలుస్తుంది. కెయిర్న్స్ చేతిలో ఉన్నవి ఏడు ఉదాహరణలే. సైన్యం చేత హెల్మెట్ పెట్టించడానికి అవి చాలాయి. మన చేతిలో ఉన్నవి వేలు.