పాలపీకతో చార్జింగ్ అయ్యే సీల్ పిల్ల

జపాన్‌లో ముసలివాళ్ల కోసం రోబోలు ఎలా వచ్చాయో రాసేవాళ్లు చాలామంది ఎడో కాలంలో టీ కప్పు మోసిన కరకురి అనే మర బొమ్మ దగ్గర మొదలుపెడతారు. నేను 1993 దగ్గర మొదలుపెడతాను. ఉద్యోగమంతా విశాఖలో ఆసుపత్రి యంత్రాలకు రిపేర్లు చేసినవాణ్ణి. వెంటిలేటర్లు, ఈసీజీ మిషన్లు, సెలైన్ పంపులు ఇవే నా లోకం. యంత్రాన్ని కనిపెట్టిందెవరు అన్నదానికన్నా, దాన్ని రోజూ తుడిచేదెవరు, చార్జింగ్ పెట్టేదెవరు అన్నదే నాకు ముందు తడుతుంది. ఈ చరిత్రనూ ఆ చూపుతోనే చదివాను.

టకనోరి షిబాటా అనే ఇంజినీరు 1993లో పని మొదలుపెట్టాడు. ఆయన కొలువు జపాన్ ప్రభుత్వ పరిశోధనా సంస్థలో. ఇల్లు ఊడ్చే రోబో, బరువులెత్తే రోబో అంటూ అందరూ పనిమనిషి రోబోల వెంటపడుతుంటే, ఈయన ఏ పనీ చెయ్యని రోబో చేద్దామనుకున్నాడు. పెంపుడు జంతువు దగ్గరుంటే రోగులకు ఊరట కలుగుతుందని తెలిసిందే. కానీ ఆసుపత్రి వార్డులోకి కుక్కను రానిస్తారా? కరుస్తుంది, రక్కుతుంది, కొందరికి ఎలర్జీ. అందుకని ముందు పిల్లి రోబో చేసి చూశాడు. పిల్లిని పెంచినవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని, అసలు పిల్లి ఇలా ఉండదే అని పెదవి విరిచారు. అప్పుడు ఆయన పట్టుకున్నది సీల్ పిల్లను. కెనడా మంచు మీద పుట్టే తెల్లటి హార్ప్ సీల్ అది. దాన్ని బొమ్మల్లో చూసినవాళ్లే కానీ ఎత్తుకున్నవాళ్లు లేరు కాబట్టి వంక పెట్టడానికి ఎవరికీ ఆధారం లేదు. కెనడా వెళ్లి దాని కూతను రికార్డు చేసుకొచ్చాడు. ఈ ఎంపికలో ఉన్న తెలివి, నా లెక్కన, లోపలున్న సర్క్యూట్లన్నిటికన్నా గొప్పది.

దాని పేరు పారో. పొడవు 57 సెంటీమీటర్లు, బరువు అటూ ఇటూగా 2.7 కిలోలు. అంటే మన ఆసుపత్రుల్లో పుట్టే బిడ్డంత. బొచ్చు కింద తాకిడిని పసిగట్టే సెన్సర్లున్నాయి, మీసాల్లో కూడా ఉన్నాయి. నిమిరితే కళ్లు మూసి, మెడ తిప్పి, కూత పెడుతుంది. ఏ పేరుతో పిలుస్తూ ఉంటే ఆ పేరుకే పలకడం నేర్చుకుంటుంది. కొడితే, ఏం చేసినందుకు దెబ్బ పడిందో అది మళ్లీ చెయ్యకుండా చూసుకుంటుంది. బొచ్చుకు సూక్ష్మక్రిములు పట్టకుండా పూత పూశారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇబ్బంది కలగకుండా లోపలి విద్యుత్ భాగాలకు కవచం పెట్టారు. ఈ చివరి మాట చదివినప్పుడే, ఇది బొమ్మల షాపువాడు చేసింది కాదని నాకు అర్థమైంది. చార్జర్ అయితే పసిపిల్లల పాలపీక ఆకారంలో ఉంటుంది. తీగ చివర ఉన్న ఆ పీకను నోట్లో పెడితే బ్యాటరీ నిండుతుంది. చూసేవాళ్లకు మాత్రం బిడ్డ పాలు తాగుతున్నట్టే.

2002లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 2005లో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. అప్పట్లో అక్కడ దాని ధర సుమారు 6,000 డాలర్లు. డెన్మార్క్ మునిసిపాలిటీలు తమ వృద్ధాశ్రమాలకు కొన్నాయి. 2011 భూకంపం, సునామీ తరవాత జపాన్‌లో శిబిరాల్లోని ముసలివాళ్ల చేతికీ ఇచ్చారు.

మరి పనిమనిషి రోబోలు ఏమయ్యాయి? మిత్సుబిషి 2005లో పసుపు రంగు వకమారును తెచ్చింది. మీటరు ఎత్తు, ధర 15 లక్షల యెన్‌ల పైమాటే. మందులేసుకునే వేళ గుర్తుచేస్తుందన్నారు. కొన్నవాళ్లు బహు కొద్దిమంది. రికెన్ సంస్థ 2015లో చూపించిన ఎలుగుబంటి మొహం రోబేర్ మనిషిని మంచం మీంచి ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేది. దాని బరువే 140 కిలోలు. అది ప్రయోగశాల దాటి వృద్ధాశ్రమాల్లో కుదురుకోలేదు. సాఫ్ట్‌బ్యాంక్ 2014లో ఆర్భాటంగా పరిచయం చేసిన పెప్పర్ తయారీ 2020లో ఆగిపోయింది. సేవ చేస్తామని వచ్చినవి వెళ్లిపోయాయి. చేయించుకోవడానికొచ్చిన సీల్ పిల్ల మిగిలింది.

ఇందులో వింతేమీ లేదని మా అత్తయ్యను చూసినవాణ్ణిగా చెప్పగలను. ఆవిడకు మతిమరుపు ముదిరాక పొద్దస్తమానం గుమ్మం దగ్గర నిలబడి ఇంటికెళ్లిపోతాననేది. తినిపించేవాళ్లున్నారు, స్నానం చేయించేవాళ్లున్నారు. ఆవిడను ఒక పని అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మా ఆవిడ ఓ చేటలో చిక్కుడుకాయలు పోసి, “అమ్మా, వంటకు ఆలస్యమవుతోందే, కాస్త ఈనెలు తీసిపెట్టు” అనేది. అంతే, కూర్చునేది. మరిచిపోని వేళ్లు చకచకా కదిలేవి. కాయలైపోతే, ఈనెలు తీసినవాటినే మా ఆవిడ ఇంకో చేటలో పోసి మళ్లీ తెచ్చేది. అత్తయ్య మళ్లీ తీసేది.

ఇది మోసమా? పారో మీద వచ్చిన పెద్ద అభియోగం ఇదే. ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ స్పారో, లిండా స్పారో 2006లోనే ఆ ప్రశ్న లేవదీశారు. ప్రేమ లేని యంత్రం ప్రేమిస్తున్నట్టు నమ్మించడం ముసలివాళ్లకు అన్యాయమని వాళ్ల వాదన. అమెరికాలో షెర్రీ టర్కిల్ 2011 నాటి ‘అలోన్ టుగెదర్’ పుస్తకంలో, తన దుఃఖాన్ని పారోతో చెప్పుకుంటున్న ఒక ముసలామె గురించి రాసింది. అది చూసి టర్కిల్‌కు కలిగింది సంతోషం కాదు, దిగులు. నేను ఆ వాదనను సగమే ఒప్పుకుంటాను. చిక్కుడుకాయల చేట అబద్ధమే, కాని చేట పక్కన మా ఆవిడ కూర్చునేది. చేట అక్కడ పడేసి తలుపేసుకుని వెళ్లిపోయి ఉంటే, అప్పుడు మోసం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వెండీ మోయిల్ బృందం 28 వృద్ధాశ్రమాల్లో 415 మందిపై చేసిన పరిశీలన 2017లో అచ్చయింది. కొందరికి పనిచేసే పారో, కొందరికి లోపల కదలిక ఆపేసిన పారో ఇచ్చారు. మిగిలినవాళ్లకు మామూలు సంరక్షణే. వారానికి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది వారాలు. కదిలే పారోతో ముసలివాళ్లు ఎక్కువ మాట్లాడారు, ఎక్కువ చూశారు. ఆందోళన తగ్గించడంలో మామూలు సంరక్షణ కన్నా కాస్త మెరుగనిపించింది. కాని కదలని పారోతో పోలిస్తే, ఆ ఆందోళన విషయంలో తేడా పెద్దగా లేదు. వేల డాలర్ల మోటార్లు చేసిన పనిలో చాలా భాగం బొచ్చూ బరువూ చేసేశాయన్నమాట. రిపేర్లు చేసి బతికినవాణ్ణి, ఇది చదివి కాస్త నొచ్చుకున్నాను కూడా.

జేమ్స్ రైట్ అనే పరిశోధకుడు జపాన్ వృద్ధాశ్రమంలో ఉండి, చూసిందంతా 2023లో పుస్తకంగా వేశాడు. ఒకామె పారో పక్కన లేనిదే తినేది కాదు, పడుకునేది కాదు. ఇంకొకరు దాని తోలు ఒలిచెయ్యబోయారు. ఇక సిబ్బంది దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. మనుషుల్ని మంచం మీంచి ఎత్తే ఇంకో యంత్రాన్ని గదిగదికీ తోసుకుపోవాలి, తుడవాలి. పెప్పర్ ఎక్సర్‌సైజు చేయిస్తుంటే పక్కన నిలబడి తామూ చేసి చూపించాలి. పని తగ్గకపోగా పెరిగింది. కొన్నాళ్లకు ఆ ఆశ్రమంలో అవి బీరువాల్లోకి చేరాయి. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రి స్టోర్ రూములో దుప్పటి కప్పుకుని నిద్రపోయే యంత్రాలు చాలానే ఉండేవి. కొన్నప్పుడు రిబ్బన్ కత్తిరించినవే అన్నీ.

జపాన్ ప్రభుత్వం ఇలాంటి రోబోలకు ఏళ్ల తరబడి సబ్సిడీలిచ్చింది. ఆ దేశమే 2019లో వృద్ధుల సంరక్షణ పనికి విదేశీయులు రావచ్చంటూ కొత్త వీసా తెరిచింది. 2021 జనవరిలో మన దేశంతో దీనిపై ఒప్పందం చేసుకుంది. ఇవాళ తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, నర్సింగ్ చదివిన మన పిల్లలకు జపనీస్ నేర్పించి అక్కడికి పంపుతోంది.