మింట్ ఎర్రర్ కాయిన్: మీ చిల్లరలో ఉన్నది ముద్రణ లోపమా.. దెబ్బతిన్న నాణెమా? ఇలా తేల్చేయండి

"ఇలాంటి రూపాయి ఉంటే లక్షలు మీవే" అంటూ వంకర బిళ్లలు, అంచు తెగిన నాణేల వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. కానీ చిల్లరలో కనిపించే వింత నాణేల్లో చాలావరకు బయట దెబ్బతిన్నవే. తేడా తెలియాలంటే ఒక్క ప్రశ్న చాలు.. ఆ మార్పు అచ్చు పడ్డప్పుడు వచ్చిందా, ఆ తర్వాత వచ్చిందా?

టంకశాలలో గుండ్రటి లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి యంత్రం బలంగా నొక్కుతుంది. బొమ్మ, అక్షరాలు అప్పుడే పడతాయి. అప్పటిలోగా జరిగిన పొరపాటే మింట్ ఎర్రర్. తర్వాత జరిగిందంతా డ్యామేజీనే.

ఇవి చెక్ చేయండి

గీత: అచ్చు పగిలితే లోహం ఆ సందులోకి దూరుతుంది. అందుకే నాణెంపై గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. లోపలికి దిగి ఉంటే అది గీరుడే.

తెగిన అంచు: బిళ్ల ముందే తెగి ఉంటే, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచు కూడా చాలాసార్లు పలచబడుతుంది. ఆకురాయి గీతలు కనిపిస్తే ఎవరో అరగదీసినట్టే.

తిరిగిన బొమ్మ: సింహాల వైపు నిటారుగా పట్టుకుని, పుస్తకం పేజీలా పక్కకు తిప్పండి. రెండోవైపు కూడా నిటారుగానే ఉండాలి. బాగా పక్కకు ఒరిగి ఉంటే అచ్చు తిరిగిన లోపం కావచ్చు.

అద్దంలో బొమ్మ: రెండోవైపు అదే బొమ్మ తిరగబడి లోతుగా ఉంటే అది ఎర్రర్ కావచ్చు. కానీ కింద మామూలు బొమ్మ కూడా కనిపిస్తుంటే అనుమానించాల్సిందే. రెండు నాణేలను కలిపి నొక్కినా అలాగే అవుతుంది.

సంవత్సరం కింద గుర్తు: ఇది లోపం కాదు. నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారం ఉంటే ముంబై. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

ముందు డబ్బు అడిగితే మోసమే

అనుమానం ఉన్న నాణేన్ని తోమొద్దు, పాలిష్ పెట్టొద్దు.. ఉన్న విలువ కూడా పోతుంది. నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం.

ఆర్బీఐ పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేల అమ్మకాలకు కమీషన్, పన్ను అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆర్బీఐయే హెచ్చరించింది. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని తేల్చిచెప్పింది. కాబట్టి "మీ కాయిన్ కొంటాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పైసా కూడా పంపకండి.