పక్షవాతం

సంస్కృతంలో ‘పక్షం’ అంటే రెక్క, ఒక పక్క. ‘వాతం’ అంటే గాలి. ఆయుర్వేదం చెప్పే మూడు దోషాల్లో వాతం ఒకటి. అది ప్రకోపిస్తే ఒంట్లో ఒక పక్క చచ్చుబడుతుందన్న భావనే ఈ పేరుకు మూలం. ‘కాలూ చెయ్యీ పడిపోయాయి’ అన్నది దీనికే వాడుక మాట. ఆధునిక వైద్యం ప్రకారం దీనికి ప్రధాన కారణం మెదడులో రక్తనాళం పూడుకుపోవడమో, చిట్లడమో. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే సాధారణంగా కుడి పక్క పడిపోతుంది.

హఠాత్తుగా మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం దీని ముఖ్య లక్షణాలు. కాసేపటికి తగ్గినా సరే, వెంటనే 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. రక్తనాళాన్ని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారు. రక్తనాళం చిట్లినవారికి అది ప్రమాదకరం కనుక ముందు స్కాన్ తప్పనిసరి.