కుప్ప పోసిందెవరు?

బిగ్ డేటా అనగానే అమెరికా కంపెనీల సర్వర్లే గుర్తొస్తాయి. సాహిత్య పరిశోధనలో మాత్రం ఈ కథను ఒక ఇటలీ మతగురువుతో మొదలుపెడతారు. జెసూట్ ఫాదర్ రొబెర్టో బూసా, మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రచనల్లో ‘ఇన్’ అనే లాటిన్ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడటానికి పది వేల కార్డులు చేత్తో రాశారు. దైవ సాన్నిధ్యం గురించి అక్వినాస్ ఆలోచన అంతా ఆ చిన్న మాట చుట్టూనే తిరుగుతుందని ఆయనకు అనిపించింది. చేతిరాతతో పని తెమలదని 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశారు. దాదాపు కోటి మాటలు పంచ్ కార్డులకెక్కి, 56 సంపుటాలు అచ్చయ్యేసరికి 1980 వచ్చింది. ఆ కార్డులు పంచ్ చేసింది చాలావరకు గల్లరాతేలో శిక్షణ పొందిన అమ్మాయిలు. పేరు మాత్రం ఫాదర్‌కే దక్కింది. ఇక్కడ డేటా అంటే అక్వినాస్ రాసిందంతా. ఒక్క మాట వదిలినా బూసాకు ఒప్పుదల లేదు.

ఖగోళశాస్త్రం వదిలేయడాన్ని కూడా పద్ధతిగా చేస్తుంది. 2000లో న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్‌లో స్లోన్ డిజిటల్ స్కై సర్వే మొదలైంది. ఏ గెలాక్సీల కాంతిని విడదీసి చూడాలో ముందే తేల్చుకుని, ఆకాశంలో వాటి స్థానాలకు సరిపోయేలా అల్యూమినియం పలకకు 640 బెజ్జాలు వేసేవారు. పగటిపూట మనుషులు కూర్చుని ఒక్కో బెజ్జంలో కాంతిని మోసే ఒక్కో ఫైబర్‌ను చేత్తో గుచ్చేవారు. రాత్రికి ఆ పలకను టెలిస్కోపుకు బిగించేవారు. దేన్ని పట్టుకున్నారో, దేన్ని ఎందుకు వదిలారో వాళ్ల దగ్గర లెక్క ఉంది. డేటా పెరిగేకొద్దీ ఖగోళవేత్తకు ధైర్యం పెరగడానికి కారణం అదే.

సామాజిక శాస్త్రవేత్తలకు ఆ భాగ్యం లేదు. వాళ్ల చేతికొచ్చింది వేరెవరో వేరే పనికి పోసుకున్న కుప్ప. జనం ఏం వెతుకుతున్నారో చూసి ఫ్లూ తీవ్రతను అధికారిక లెక్కలకన్నా ముందే చెబుతానంటూ 2008లో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ వచ్చింది. ఇంత డేటా ఉండగా సిద్ధాంతాలెందుకని అదే ఏడాది వైర్డ్ పత్రికలో క్రిస్ ఆండర్సన్ రాశాడు. మరుసటి ఏడాదే స్వైన్ ఫ్లూ సీజన్ కాని సీజన్‌లో వస్తే ఆ పరికరం పసిగట్టలేకపోయింది. 2012–13 చలికాలంలో అసలుకు దాదాపు రెట్టింపు చెప్పింది. అమెరికాలో చలికాలం వస్తే ఫ్లూ ఒక్కటే కాదు, హైస్కూల్ బాస్కెట్‌బాల్ గురించిన వెతుకులాట కూడా పెరుగుతుంది మరి! రెంటికీ ఉన్న సంబంధం చలికాలం ఒక్కటే. ఆ అంచనాల ప్రచురణ 2015లో ఆగిపోయింది. ఈలోగా పరిశోధకులు డానా బోయ్డ్, కేట్ క్రాఫోర్డ్ మరో పేచీ లేవనెత్తారు: అందుబాటులో ఉన్నంత మాత్రాన జనం మాటలను వాడుకోవడం న్యాయమవుతుందా?

సంఖ్యాశాస్త్రజ్ఞులకు ఇదంతా పాత కథే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. తిరిగొచ్చిన 23 లక్షల పైచిలుకు జవాబులు లెక్కపెట్టి రూజ్వెల్ట్ ఓడతాడని చాటింది. చిరునామాలు తీసింది టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్ట్రేషన్లలోంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా జవాబివ్వని వాళ్లే ఎక్కువ. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కొంచెం తీసి మొత్తాన్ని తెలుసుకోవడమెలాగన్నదే ఆ శాస్త్రం పట్టిన దారి. కలకత్తాలో సంఖ్యాశాస్త్రజ్ఞుడు మహలనోబిస్ బెంగాల్ జనపనార సాగును శాంపిల్ సర్వేలతో అంచనా కట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి ఆయన దగ్గర చేరిన సి.ఆర్. రావు, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో 1945లో హద్దు గీశారు. హార్వర్డ్‌లోని షియావో-లి మెంగ్ 2018లో అమెరికా ఎన్నికల సర్వేలనే తీసుకుని లెక్క వేశారు. ట్రంప్ అభిమానులు కాస్త తక్కువగా జవాబిచ్చినందుకే, 23 లక్షల మంది మాట యాదృచ్ఛికంగా ఎంచిన సుమారు 400 మంది మాటకు సమానమైపోయిందని తేల్చారు.