ఏ పనికి ఎంత దేహం కావాలి?

ఉద్యోగంలో చేరేవారికి వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. చివరన ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అనే రెండు మాటలుంటాయి. ఒకదానిని కొట్టివేసి సంతకం చేయాలి. నా వృత్తిజీవితంలో అటువంటి సంతకాలు లెక్కకు మించి చేశాను. ఒకటి మాత్రం నేటికీ మనసును తొలుస్తూనే ఉంది. బాల్యంలో పోలియో సోకి ఒక కాలు సన్నబడిన యువకుడు గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష కోసం వచ్చాడు. కాలు చూశాను, ‘ఫిట్’ను కొట్టివేశాను. అతడు చేయవలసింది కూర్చుని పద్దులు రాసే పని. ఆ పని గురించి నేను ఒక్క మాటైనా అడగలేదు.

ఆ ప్రశ్నను నాకన్నా ఎన్నో దశాబ్దాల ముందే ఒక కార్ల కంపెనీ అడిగిందని విశ్రాంత జీవితంలో చదివి తెలుసుకున్నాను. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన అమెరికా కర్మాగారంలో రోజుకు ఐదు డాలర్ల వేతనం ప్రకటించాడు. అంటువ్యాధులు తప్ప మరే శారీరక కారణం చేతనూ ఎవరినీ పనిలోనుంచి తీసివేయరాదన్న నియమం కూడా దానితోపాటే వచ్చింది. అందుకోసం కర్మాగారంలోని ప్రతి పనికీ ఎంత బలం కావాలి, నిలబడాలా కూర్చోవాలా, రెండు చేతులూ అవసరమా అని విడివిడిగా పరిశీలించారు.

1922లో వెలువడిన తన పుస్తకంలో ఫోర్డ్ ఆ లెక్కలు ఇచ్చాడు. మొత్తం 7,882 రకాల పనులు. దృఢకాయులే చేయవలసినవి 949 మాత్రమే. సాధారణ బలం చాలినవి 3,338. మిగిలిన 3,595 పనులకు శారీరక శ్రమ దాదాపు లేదు. రెండు కాళ్లూ లేనివారు చేయగలవి 670, ఒక కాలున్నవారు చేయగలవి 2,637, ఒక చేయున్నవారికి 715, అంధులకు 10. రెండు చేతులూ లేనివారికి సైతం 2 పనులు దొరికాయి! నాటికి కంపెనీలో ఏదో ఒక శారీరక లోపమున్నవారు 9,563 మంది; వారిలో 60 మంది మూర్ఛరోగులు. మూర్ఛ అనగానే తలుపులు మూసివేసే యజమానులను నేను ఎందరినో చూశాను గనుక ఈ అంకె వద్ద చాలాసేపు ఆగిపోయాను.

ఒక అంధుణ్ణి బోల్టులు, నట్లు లెక్కపెట్టే పనిలో పెట్టారట. ఆ పనిలో అప్పటికే ఇద్దరున్నారు. రెండు రోజులు గడవకముందే, ఆ ఇద్దరినీ వేరేచోటికి పంపవచ్చునని అక్కడి మేస్త్రీ కోరాడు. వారి పని కూడా ఇతడొక్కడే చేసేస్తున్నాడు.

ఫోర్డ్‌ను మహాత్ముడిగా మీ ముందు నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. యూదులపై విషం చిమ్మిన పత్రిక ఆయనదే. 1913లో ఆ కర్మాగారం నుండి కార్మికులు తండోపతండాలుగా మానివేసి వెళ్లిపోయేవారు. వారిని నిలుపుకోవడమే ఐదు డాలర్ల వెనుక ఉన్న అసలు అవసరం. పైగా శ్రమలేని ఆ 3,595 పనులలో చాలావాటిని స్త్రీలు చేయగలరని రాసిన చేతితోనే వేతనానికి షరతులూ రాశాడు. 22 ఏళ్లలోపు యువకులకూ, స్త్రీలకూ ఆ ఐదు డాలర్లు దక్కాలంటే తమపై ఆధారపడిన బంధువులకు వారే దిక్కై ఉండాలి. పెళ్లైన పురుషుడు తన కుటుంబాన్ని చక్కగా చూసుకుంటే చాలు. కాలు లేనివాడి సామర్థ్యాన్ని అంత ఓపికగా కొలిచిన సంస్థ, స్త్రీ దగ్గరకు వచ్చేసరికి ఆమె పనిని గాక ఆమె సంసారాన్ని కొలిచింది.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం కేటాయించింది. ఏ ఉద్యోగం ఎవరు చేయగలరో ప్రభుత్వమే గుర్తించాలని కూడా అందులో ఉంది. నేను ఆ సంతకం చేసేనాటికి ఆ చట్టం లేదు. కానీ ఎదుట కూర్చున్న మనిషిని ‘నీవు చేయబోయే పని ఏమిటి నాయనా?’ అని అడగడానికి చట్టంతో పనేముంది? ఆ యువకుడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకుని, నమస్కరించి వెళ్లిపోయాడు.