కళ్లాపి చల్లే పెట్టె

తెల్లవారగానే వాకిలి ఊడ్చి, నిన్నటి ముగ్గు మీద కళ్లాపి చల్లి, కొత్త ముగ్గు వేస్తారు. నిన్నటి ముగ్గు ఏమైందని ఎవరూ అడగరు. సీసీ కెమెరాల రికార్డరు చేసే పనీ ఇదే. అయినా దొంగతనమో ప్రమాదమో జరిగాక ‘ఆ రోజు ఫుటేజీ పోయింది, మళ్లీ తీయగలరా’ అని అడిగేవాళ్లంతా, గుర్తుంచుకోవలసిన యంత్రం ఏదో చెడిపోయి మరిచిపోయిందనుకుంటారు. ఈ పెట్టెల చరిత్ర తిరగేస్తే సంగతి తలకిందులుగా కనిపిస్తుంది. చెరపడం దీని స్వభావం; దాచడమంటే ఆ చెరుపుకు కొన్నాళ్ల వాయిదా. పోయిన దృశ్యాన్ని తిరిగి తీసే విద్య ఆ వాయిదాలోని సందుల్లోనే పుట్టింది, ఆ సందులున్నంత మేరకే పనిచేస్తుంది.

మొదట్లో దాచడమన్న మాటే లేదు. 1942లో జర్మనీలోని పీనెముండెలో వీ-2 రాకెట్ ప్రయోగాలను దూరం నుంచి చూసేందుకు వాడిన టెలివిజన్ కెమెరాలు జరిగేది చూపించేవి, అంతే. 1956లో ఆంపెక్స్ కంపెనీ వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది. అదే ఏడాది ఐబీఎం హార్డ్ డిస్కున్న తొలి కంప్యూటరును ప్రకటించింది. నేటి రికార్డరు పూర్వీకులిద్దరూ ఒకే ఏడు పుట్టారన్నమాట. టేపు ఖరీదైన సరుకు గనక చెరిపి మళ్లీ వాడుకోవడం తొలినుంచీ అలవాటైంది. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన అపోలో-11 మూల టేపులు కూడా అలాగే చెరిపి వాడేసి ఉంటారని నాసా 2009లో తేల్చింది. ఇక నగల దుకాణం టేపును ఎవరు దాస్తారు? దుకాణాల్లోకి వచ్చిన టైమ్‌లాప్స్ వీసీఆర్ రెండు గంటల టేపు మీద 24 గంటలు ఇరికించేది. అందుకోసం సెకనుకు నాలుగైదు బొమ్మలతో సరిపెట్టుకునేది. పదహారు కెమెరాలు ఒకే టేపును పంచుకుంటే ఒక్కో కెమెరా వంతు మూడు సెకన్లకోసారి వచ్చేది. గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి తీయడానికి ఆ వ్యవధి చాలు. తేదీకొక టేపు చొప్పున వరస పెట్టుకుని, నెల తిరగ్గానే అదే టేపును మళ్లీ లోపలికి తోసేవారు. రాసే హెడ్డు కంటే ముందు చెరిపే హెడ్డు తన పని కానిచ్చేది గనక పాతదాన్ని వెనక్కి తెచ్చే ప్రశ్నే ఉండేది కాదు. నిపుణుడు చేయగలిగిందల్లా అరిగిన టేపు మీది మసక బొమ్మను కాస్త తేటపరచడం.

రికార్డరులోకి హార్డ్ డిస్కు రాకతో కథ మలుపు తిరిగింది. డిస్కు మీద దృశ్యం ఒకచోట, అది ఎక్కడుందో చెప్పే సూచిక మరోచోట ఉంటాయి. తుడిచేశామనుకున్నప్పుడు చాలాసార్లు పోయేది సూచికే. పుస్తకంలో విషయసూచిక చింపేసినా పుటలు మిగిలే ఉంటాయి కదా! తిరిగి తీసే వృత్తికి ఊపిరి ఇదే. అయితే రికార్డరు కంపెనీలు విండోస్‌కు తెలిసిన పద్ధతిలో కాక సొంత పద్ధతిలో డిస్కును అమర్చుకున్నాయి. అందుకే ఆ డిస్కును మామూలు కంప్యూటరుకు తగిలిస్తే అది ఖాళీదనుకుని ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. తెలియక ‘సరే’ నొక్కినవాళ్లు ఉన్న సూచికనూ పోగొట్టుకుంటారు. నిపుణుడు డిస్కు తొలి భాగాన్నే చదువుతాడు. అక్కడ ‘డీహెచ్ఎఫ్ఎస్4.1’ అని ఉంటే దహువా వారిది, ‘హైక్‌విజన్@హాంగ్జౌ’ అని ఉంటే హైక్‌విజన్ వారిది. ఈ రెండో అమరికను కొరియా పరిశోధకులు విప్పి చూసి 2015లో వివరంగా ప్రచురించారు. సూచిక బొత్తిగా లేకపోయినా మరో దారుంది. 2003 నాటి హెచ్.264 ప్రమాణంలో ఒక్కో ముక్క ముందు 00 00 00 01 అనే గుర్తు సాధారణంగా ఉంటుంది. ఆ గుర్తుల్ని పట్టుకుని డిస్కంతా జల్లెడ పట్టవచ్చు. కానీ ప్రతి వరసకూ ఒక నిండు బొమ్మ ఆధారం, తక్కినవి దానితో పోలిస్తే ఏం మారిందో మాత్రమే చెబుతాయి. ఆ నిండు బొమ్మ పోతే మనిషి ముఖం రంగు మరకగా సాగిపోతుంది.

సూచిక పోతే ఇంత చేయగలిగినవాళ్లు పుట మీదే కొత్తది రాసేస్తే మాత్రం ఎందుకు చేయలేరని అడగవచ్చు. ఈ ఆశకు కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ గుట్‌మన్ 1996లో ప్రచురించిన పత్రం బలమిచ్చింది: మీద రాసినా అయస్కాంత జాడలు మిగులుతాయనీ, సూక్ష్మదర్శినితో వాటిని పట్టవచ్చనీ ఆయన వాదన. నాటి డిస్కుల విషయంలో అది పట్టించుకోదగ్గ మాటే. డిస్కుల సాంద్రత పెరిగాక ఆ సందు మూసుకుపోయింది. 2008 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన సమాచార భద్రత సదస్సుకు వచ్చిన ఒక పత్రం ఈ వివాదాన్ని ప్రయోగంతో పరీక్షించి, కొత్త డిస్కుల మీద ఒక్కసారి తిరగరాసినా పాత సమాచారం పనికొచ్చేంతగా దక్కదని తేల్చింది. తిరగరాసినదాన్నీ తెస్తామని చెప్పే ప్రకటనల్ని ఈ వెలుగులో చూడాలి.

కాబట్టి అసలు పోటీ నిపుణుడికీ డిస్కుకూ కాదు, ఫిర్యాదుకూ తిరగరాతకూ మధ్యన. లెక్క వేసి చూద్దాం. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజుకు 21.6 జీబీ రాస్తుంది. ఎనిమిది కెమెరాలైతే సుమారు 173 జీబీ. రెండు టీబీల డిస్కు పన్నెండో రోజు ముగియకముందే నిండి, మొదటి రోజు మీద కళ్లాపి చల్లడం మొదలవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం 30 రోజుల ఫుటేజీ దాచమంటుంది; అదే లెక్కన అయిదు టీబీలకు పైగా కావాలి. పోలీసు స్టేషన్ల కెమెరాల రికార్డు 18 నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది ఉండాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. రికార్డు ఉన్నా తీసి భద్రపరచకపోతే ఏమవుతుందో తొమాసో బ్రూనో నిందితుడైన హత్య కేసులో అదే కోర్టు 2015లో ఇచ్చిన తీర్పు చూపింది. వారణాసి హోటల్ కెమెరాల దృశ్యాలు చూశాననీ, అందులో పనికొచ్చేదేమీ లేదనీ దర్యాప్తు అధికారి చెప్పాడు; ఆ రికార్డు మాత్రం కోర్టుకు రాలేదు. దాన్ని కోర్టు ముందు పెట్టని ప్రాసిక్యూషన్‌కే వ్యతిరేకంగా భావించాలన్నది ధర్మాసనం.

అన్నిటినీ ఏళ్ల తరబడి దాచేస్తే పోలేదా అని మరో ప్రశ్న. డిస్కుల ఖర్చు అలా ఉంచినా, వీధిలో నడిచే ప్రతి మనిషి రాకపోకలూ శాశ్వతంగా ఒకరి అలమారలో ఉండటం భద్రత అనిపించుకోదు. రికార్డరు మరుపు కొంతవరకు మనకు రక్ష. ఆ మరుపును అవసరమైన చోట, అవసరమైన రోజున ఆపగలిగితే చాలు. ఆ పని ప్రయోగశాలకంటే ముందు దుకాణం కౌంటరు దగ్గర మొదలవుతుంది: రికార్డరు తెరమీది గడియారానికీ సరైన సమయానికీ తేడా రాసుకోవడం, రికార్డింగు ఆపించడం, డిస్కు తీసి నకలు చేసి దానికి వేలిముద్ర లాంటి హాష్ విలువ నమోదు చేయడం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం ధ్రువపత్రంలో ఆ విలువను అడుగుతోంది కూడా. పై లెక్కలోని దుకాణానికి పదో రోజున వెళ్లి రికార్డింగు ఆపించినవాడికి తిరిగి తీసే నిపుణుడితో పనే పడదు. పదిహేనో రోజున వెళ్లినవాడికి ఆ నిపుణుడూ అక్కరకు రాడు.